ఒక పేజీ గీతలది, ఒక పేజీ తెల్లది

బడి సామాన్ల జాబితా వచ్చిన రోజు మా ఇంట్లో భోజనాలు ఆలస్యమయ్యాయి. మార్చి నెల, ఆదివారం మధ్యాహ్నం. పప్పులో పోపు వేస్తుండగా ఫోన్‌లో బడివాళ్ళ యాప్ టింగుమంది. తెరిచి చూస్తే నాలుగు పేజీలు. రెండో తరగతి అయిపోయి మూడో తరగతికి వెళ్ళబోతున్న ఎనిమిదేళ్ళ పిల్లకు కావలసిన సరంజామా అంతా అందులో ఉంది. నా పెళ్ళికి మా నాన్న రాసిన సామాన్ల చీటీ కూడా ఒకటిన్నర పేజీయే. ఈలోగా పోపు మాడింది.

ఇరవై నాలుగు పెన్సిళ్ళు, ప్రతి పెన్సిల్ మీదా పిల్ల పేరు. జిగురు కడ్డీలా ఉండేదే కావాలి, సీసాలోది పనికిరాదు. కత్తెర మొనలు మొండిగా ఉండాలి. ముక్కు తుడుచుకునే కాగితాల డబ్బాలు రెండు. తండ్రిగారి పాత చొక్కా ఒకటి, రంగులు వేసే క్లాసులో పైన తొడుక్కోవడానికి. ఇది చదవగానే మావారి ముఖం మారిపోయింది. తన బీరువాలో పాత చొక్కా అనేదే లేదని ఆయన వాదన. కొత్త చొక్కా అనేదే లేదని నాది.

మావారు కేంద్ర ప్రభుత్వంలో అధికారి. ఏదైనా వస్తువు కొనాలంటే అది ఎలా ఉండాలో, ఎంత పొడవుండాలో, ఎంత బరువుండాలో నిబంధనలు రాసి టెండర్లు పిలవడం ఆయన పని. అలాంటి మనిషి కళ్ళజోడు పెట్టుకుని ఆ నాలుగు పేజీలూ చదివి, ఇది రాసినవాళ్ళెవరో మా శాఖలో ఉండవలసినవాళ్ళు అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

అసలు చిక్కు మూడో పేజీలో ఉంది. సైన్సు కోసం ఒక ప్రత్యేకమైన నోటుపుస్తకం. తెరిస్తే ఒక పేజీ గీతలతో ఉండాలి, పక్క పేజీ బొమ్మలు వేసుకోవడానికి తెల్లగా ఉండాలి. పొడుగు సైజు, తొంభై రెండు పేజీలు. దాని పక్కన చుక్క గుర్తు పెట్టి, ఇతర రకాలు అంగీకరించబడవు అని రాశారు.

మామూలుగా అయితే ఇలాంటి జాబితా చూసి నాలుగు తిట్లు తిట్టుకుని దొరికింది కొని పంపేదాన్ని. ఈసారి అలా కుదరదు. ఎందుకు కుదరదో చెప్పాలంటే, అంతకు ముందు ఏడాది నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

మావారికి విశాఖపట్నం నుంచి ఢిల్లీ బదిలీ అయింది. వసంత్ కుంజ్‌లో ఇల్లు దొరికింది, దగ్గర్లో బడిలో పిల్లకు సీటు దొరికింది. మేము మార్చి చివర్లో సామాన్లతో దిగాం. నా లెక్క ప్రకారం ఇంకా రెండు నెలలు టైముంది. ఎందుకంటే నాకు తెలిసిన బడి జూన్‌లో తెరుస్తారు. మామిడికాయలు రావాలి, ఆవకాయ జాడీలకు వాసెన కట్టాలి, ఎండలకు ఒళ్ళు పేలాలి, తొలకరి పడాలి. అప్పుడు కొత్త పుస్తకాలు, కొత్త చెప్పులు, కొత్త గొడుగు. నేనూ అలాగే చదువుకున్నాను, మా అమ్మా అలాగే చదువుకుంది. ఇక్కడ ఏప్రిల్ మొదట్లోనే కొత్త తరగతి మొదలెట్టేసి, నెలా నెలన్నర పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఎండాకాలం సెలవులు ఇస్తారని నాకు కలలో కూడా తట్టలేదు.

బడివాళ్ళు మెయిల్ పంపలేదా అంటే పంపారు. అందులో ఏప్రిల్ అని ఉంది కూడా. నేను చదివాను. అది ఫీజు కట్టవలసిన తేదీ అనుకున్నాను. ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. నేను ఇంటి నుంచి ప్రూఫులు దిద్దే పని చేస్తాను. పదిమంది రాసినవాటిలో తప్పులు పట్టుకోవడమే నా వృత్తి.

ఒక పొద్దున లిఫ్టు దగ్గర పై అంతస్తు ఆంటీ కనిపించి, బిటియా స్కూల్ నహీ గయీ అని అడిగింది. బడి జూన్‌లో కదా అన్నాను నాకొచ్చిన హిందీలో. ఆవిడ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేదు. అప్పటికి బడి తెరిచి మూడు రోజులైంది.

మర్నాడు పిల్లను పంపాను. ఒంటి మీద యూనిఫాం లేదు, సంచిలో పుస్తకాల్లేవు, నోట్లో హిందీ లేదు. దుకాణాలకు పరిగెత్తితే ఆ తరగతి సెట్లు అయిపోయాయి, వచ్చే వారం రమ్మన్నారు. ఆ అయిదు రోజులూ పిల్ల డైరీలో ఎర్రసిరాతో ఒకటే మాట రాయించుకొచ్చింది, నోటుపుస్తకాలు తేలేదు అని. దాని కింద నేను రోజూ, భర్త బదిలీ ఉత్తర్వులు రావడం ఆలస్యమైనందువల్ల అని రాసి సంతకం పెట్టాను. అయిదు రోజులు, అయిదు సంతకాలు. పిల్లకూ అదే చెప్పాను, నాన్న ఆఫీసువాళ్ళు ఆలస్యం చేశారని. మావారు పక్కనే ఉండి విన్నారు గానీ కాదనలేదు. పిల్ల అటు వెళ్ళాక మాత్రం, పోనీలే, రికార్డులో అలాగే ఉండనీ అన్నారు.

ఏడ్చావా అని రోజూ అడిగేదాన్ని. నహీ అనేది. అప్పటికి దానికి వచ్చిన నాలుగు హిందీ మాటల్లో అదొకటి. మా పిల్ల గట్టిది, కొత్త ఊళ్ళో కొత్త బడిలో ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు అని ఫోన్ చేసిన ప్రతివాళ్ళకూ గొప్పగా చెప్పుకున్నాను. చెప్పిన కొద్దీ నాకు హాయిగా ఉండేది.

అయితే ఆ ఏడాదంతా మా అమ్మాయి బడికి బయల్దేరే ముందు సంచి మూడుసార్లు విప్పి చూసుకునేది. పుస్తకాలు లెక్కపెట్టి, జిప్ వేసి, చెప్పులు తొడుక్కుని, మళ్ళీ జిప్ తీసేది. బస్సు వచ్చేస్తోంది తల్లీ అని నేను అరుస్తూనే ఉండేదాన్ని. ఈలోగా హిందీ ఎంత వచ్చేసిందంటే నేను తెలుగులో అడిగినదానికి కూడా హిందీలోనే జవాబు. అమ్మా పోయి మమ్మీ వచ్చింది.

ఈ ఏడు జాబితా రాగానే అది నా ఫోన్ తీసుకుని నాలుగు పేజీలూ చదువుకుంది. చదివి, ఇస్ బార్ సబ్ కుచ్ పహలే దిన్ సే హోగా నా, మమ్మీ అని అడిగింది. మొదటి రోజుకే అన్నీ ఉంటాయన్నాను. ఒట్టు వెయ్యమంది. తల మీద చెయ్యిపెట్టి ఒట్టు వేశాను. అదీ సంగతి.

మిగతావన్నీ వారంలో చేరాయి. ఇరవై నాలుగు పెన్సిళ్ళకూ వెనకవైపు బ్లేడుతో కొంచెం చెక్కి, ఆ తెల్లటి చోట పేరు రాసే పని నాకు పడింది. పన్నెండో పెన్సిల్ దగ్గర, పిల్లకు ఇంకా చిన్న పేరు పెట్టుకుని ఉండవలసిందనిపించింది. చొక్కా విషయంలో మావారు రెండు రోజులు పోరాడి, కాలర్ అరిగిన నీలం గళ్ళది ఒకటి కళ్ళు మూసుకుని ఇచ్చేశారు.

దొరకనిది ఆ సైన్సు పుస్తకం ఒక్కటే. మా మార్కెట్లో రెండు దుకాణాలూ వెతికాను. అన్నీ గీతలవి ఉన్నాయి, అన్నీ తెల్లవి ఉన్నాయి, గళ్ళవి ఉన్నాయి. ఒకటి విడిచి ఒకటి మాత్రం, సబ్ లే గయే మేడమ్, అందరూ కొనుక్కుపోయారు అన్నాడు దుకాణదారు. సాకేత్‌లో మాల్‌కి వెళ్ళాం. అక్కడ స్టేషనరీ దుకాణం మా ఇంటికి నాలుగింతలుంది. కొమ్ము గుర్రం బొమ్మల పుస్తకాలు, వాసనొచ్చే రబ్బర్లు, చీకట్లో మెరిసే పెన్నులు ఉన్నాయి. మూడో తరగతి పిల్ల సైన్సు చదువుకోవడానికి కావలసిన కాగితం లేదు. అమ్మే పిల్లకు ఏది కావాలో అర్థమయ్యేలా చెప్పడానికి నా అర్ధగంట పోయింది. చివరికి ఆమె, దీదీ, ఆన్‌లైన్ దేఖ్ లీజియే అంది. ఆన్‌లైన్‌లో చూశాను. పన్నెండు పుస్తకాల కట్టగా తప్ప ఇవ్వరట, అదీ బడి తెరిచిన వారానికి.

ఈలోపు తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఫొటో పెట్టింది. భోజనాల బల్ల మీద జాబితాలో ఉన్నవన్నీ వరుసగా పేర్చి, మధ్యలో ఆ సైన్సు పుస్తకం. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఎక్కడ దొరికిందండీ అని అడిగితే, ఆఖరిదట, అదృష్టమట. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. ఉన్నదంతా ఆ ఫొటో మీదే.

మావారు తన పద్ధతిలో దిగారు. ఏ నిబంధనలోనైనా 'లేదా తత్సమానమైనది' అని ఒక వాక్యం ఉండి తీరాలట, అది లేకపోవడం ఈ జాబితాలో లోపమట. ఒక గీతల పుస్తకం, ఒక తెల్ల పుస్తకం విప్పి, పేజీకి పేజీ కలిపి కుట్టిస్తే అంగీకరిస్తారా, దయచేసి స్పష్టం చేయగలరు అని బడికి మెయిల్ పెట్టారు. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. అందులో ఒక్క ముక్క కూడా రాయకుండా అదే జాబితా మళ్ళీ జతచేసి పంపారు. ఆయన ఆఫీసులో ఏళ్ళ తరబడి జనానికి చేస్తున్నది అదే. తనకే జరిగేసరికి ఆ సాయంత్రం ఆ మెయిల్ మూడుసార్లు తెరిచి చూసుకున్నారు.

చివరికి దారి చూపింది పై అంతస్తు ఆంటీయే. మునిర్కాలో చదువుకునే పిల్లలుంటారు కదా, వాళ్ళకు ల్యాబ్ రికార్డులు అమ్మే దుకాణాల్లో చూడమంది. శనివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒకరు వెళితే ఇంకొకరు గోడకు అంటుకోవలసిన సందులు అవి. జిరాక్స్ మెషీన్లు, మోమోల బండ్లు, అద్దెకు గది అన్న కాగితాలు. నాలుగో దుకాణంలో ముసలాయన నా మాట పూర్తికాకముందే తలాడించి, నిచ్చెన వేసుకుని అటక మీదికి ఎక్కాడు. దుమ్ము దులుపుతూ ఒకే ఒక్క పుస్తకం తెచ్చాడు. ఇంక లేవన్నాడు.

నేను డబ్బు తీయబోతుంటే మా అమ్మాయి ఆగమంది. దుకాణం ముందున్న స్టూలు మీద కూర్చుని వేలు తడి చేసుకుంటూ పేజీలు లెక్కపెట్టింది. వెనకాల నలుగురు కాలేజీ కుర్రాళ్ళు ఓపిగ్గా నిలబడ్డారు. తొంభై రెండు అయ్యాక తలెత్తి, ఠీక్ హై భయ్యా అని డెబ్భై ఏళ్ళ మనిషికి అనుమతి ఇచ్చింది. నాకైతే యుద్ధం గెలిచినట్టే ఉంది. ఇద్దరం చెరో ప్లేటు మోమోలు తిన్నాం.

ఆదివారం అట్టల కార్యక్రమం. పుస్తకాలకు అట్టలు వేయడం మావారి విద్య. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు పాత క్యాలెండర్లు తిప్పి అట్టలు వేసేవారట, మూలలు మడిచే పద్ధతి ఒకటుందట, అది అందరికీ రాదట. ప్రతి ఏడూ ఇదే చెబుతారు, ప్రతి ఏడూ మొదటి పుస్తకానికి తలకిందులుగా వేస్తారు. ఆయన వేస్తుంటే మా అమ్మాయి లేబుళ్ళు అంటించింది. నేను అలవాటుగా చిన్న గిన్నెలో పసుపు తడిపి తెచ్చాను. మా ఇళ్ళల్లో కొత్త బట్టలైనా, కొత్త పుస్తకాలైనా మూలలకు పసుపు పెట్టకుండా వాడరు. గిన్నె చూడగానే పిల్ల పుస్తకాల మీద అడ్డంగా పడుకుంది. మమ్మీ, నో. నీట్‌నెస్ కే మార్క్స్ కటేంగే. మరక ఉంటే శుభ్రతకు మార్కులు తగ్గిస్తారట.

సరేలే అన్నాను. గిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాను కూడా. కానీ పాలు తాగడానికి అది లోపలికి వెళ్ళినప్పుడు నా మనసు ఊరుకోలేదు. అన్ని బజార్లు తిరిగి సంపాదించిన పుస్తకం, దానికైనా పెట్టకపోతే ఎలా. సైన్సు పుస్తకం ఆఖరి పేజీ తీసి, కింది మూల, ఎవరికీ కనబడనంత చుక్క పెట్టాను. మావారు చూసి, చూడనట్టు ఇంకో అట్ట మడిచారు.

మొదటి రోజు బడి నుంచి వచ్చినప్పుడు మా అమ్మాయి చేతి మీద నీలం నక్షత్రం ముద్ర ఉంది. అన్నీ తెచ్చినవాళ్ళకు వేశారట. స్నానం చేయించేటప్పుడు ఆ చెయ్యి నీళ్ళకు తగలకుండా పైకెత్తి పట్టుకుంది. మర్నాడు సంచి ఒక్కసారే చూసుకుంది. ఆ మర్నాడు చూసుకోలేదు. ఆ ఒక్క పుస్తకం కోసం తిరిగిన అలసటంతా ఆ క్షణంలో తీరిపోయింది నాకు.

రెండో వారం, గురువారం. డైరీ తెరిస్తే ఎర్రసిరా. సైన్సు నోటుపుస్తకం తేలేదు.

సంచి మొత్తం బోర్లించాను. లేదు. పుస్తకం ఏదీ అంటే తలొంచుకుని, ఖో గయీ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పోవడమేమిటి, కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా, నీ తలకాయ ఎక్కడ పెట్టుకున్నావు, దాని కోసం ఎన్నిచోట్ల తిరిగామో తెలియదా, నా చేత ఒట్టు వేయించుకున్నది నువ్వు కాదా అని చెడామడా తిట్టాను. పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళి హోమ్‌వర్క్ చేసుకుంది. కోపం కన్నా బాధే ఎక్కువ వేసింది నాకు. డైరీలో సంతకం కూడా పెట్టలేదు.

మర్నాడు టీచరుతో మాట్లాడదామని బస్సు వద్దని చెప్పి, బడి వదిలే వేళకు నేనే వెళ్ళాను. గేటు దగ్గర మా అమ్మాయి ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుని వస్తోంది. ఆ పిల్లకు యూనిఫాం లేదు, పువ్వుల గౌను వేసుకుంది. నేను పిల్లను పిలవడం విని, పక్కన నిలబడి ఉన్న ఒకామె నా దగ్గరికి వచ్చింది.

"మీరు తెలుగోళ్ళేనా అండీ?" అంది.

అవునన్నాను. వాళ్ళది వరంగల్ అట. భర్తకు ఇక్కడి కంపెనీలో ఉద్యోగం రావడంతో వచ్చి మునిర్కాలో అద్దెకు దిగి పది రోజులైందట. మాట్లాడుతూనే సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. మావారు వేసిన అట్ట ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. లేబుల్ ఉన్నచోట గీకేసిన మచ్చ ఉంది.

"ఇది మా బిడ్డకు మీ పాప ఇచ్చిందట. వద్దన్నా ఇనలేదట. ఆఖరి పేజీకి పసుపు జూసిన, మనోళ్ళే అనుకున్న. నాకు ఈడి సంగతి తెల్వదండీ, బడి జూన్‌ల అనుకున్న. మొన్ననే పంపిన, ఉత్త సంచితోటి. మా బిడ్డ ఒకటే ఏడుపు, నాతోని మాట్లాడుడే బంద్ జేసింది."

మాక్కూడా తెలియలేదండీ అందామనుకున్నాను. బదిలీ ఉత్తర్వుల సంగతి నాలుక దాకా వచ్చింది. ఆమె ఆగలేదు.

"మీ పాప ఏం జెప్పిందో ఎరుకేనా? ఏడవకు, నేను రెండు రోజులే ఏడ్చాను, తర్వాత పుస్తకాలు వచ్చేశాయి, మా అమ్మ కూడా జూన్ అనుకుంది, వాళ్ళకి తెలీదు పాపం అన్నదట. నిన్న ఇంటికొచ్చి మా బిడ్డ నాతోని మంచిగ మాట్లాడింది."

ఆ పుస్తకం నేను తీసుకోలేదు. మునిర్కాలో ఆ ముసలాయన దుకాణం ఎక్కడో గుర్తులు చెప్పాను, మళ్ళీ సరుకు వచ్చి ఉంటుందేమో చూడమన్నాను. నా నంబరు ఇచ్చాను. టీచరును కలవకుండానే పిల్లను తీసుకుని ఇంటిదారి పట్టాను.

నిన్నటి తిట్లన్నీ నాకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. చివరికి, జూన్ సంగతి నీకెలా తెలుసు అన్నాను. అప్పట్లో అమ్మమ్మతో ఫోన్‌లో నువ్వు చెబుతుంటే విన్నానని హిందీలోనే అంది. నిన్న నాకెందుకు చెప్పలేదని అడగలేదు. ఎందుకో నాకే తెలిసింది, చెబితే నా జూన్ సంగతి కూడా బయటపడేది.

"మరి ఏడవలేదన్నావుగా అప్పుడు?"

రోడ్డు పక్క రాయిని బూటుతో తన్నుకుంటూ నడిచింది.

"రెండు రోజులు ఏడ్చావా?"

"పాంచ్," అంది.

నేను పెట్టిన సంతకాలు కూడా అయిదే.

"ఆ అమ్మాయితో రెండే అన్నావటగా?"

అది నా వైపు తలెత్తి చూసింది. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు, చాలా రోజుల తర్వాత, తెలుగులో చెప్పింది.

"అయిదు అని చెప్తే భయపడుతుంది కదా, అమ్మా."